బోర్‌కి వచ్చిన ఇంజన్: చిత్తూరు సీమలో ఒక మరమ్మతు పని చరిత్ర

మోటార్‌సైకిల్ ఇంజన్ అరిగిపోతే యజమాని ముందు రెండు దారులుంటాయి. పాత సిలిండరును బోరింగ్ చేయించి, ఒక సైజు పెద్ద పిస్టను వేసి, అదే ఇంజన్‌ను మళ్లీ నడుపుకోవచ్చు. లేదా అరిగిన భాగాలను, ఒక్కోసారి మొత్తం ఇంజన్‌నే పక్కన పెట్టి కొత్తది బిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో విడిపోక ముందున్న పాత చిత్తూరు జిల్లాలో 1950ల నుంచి 1990ల దాకా దాదాపు అందరూ నడిచింది మొదటి దారిలోనే. ఆ తర్వాత రెండోది బలపడింది. జనం చేతిలో డబ్బు ఆడటం వల్ల, మెకానిక్‌లకు ఓపిక తగ్గడం వల్ల ఈ మార్పు వచ్చిందని చెబుతుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే అసలు నిర్ణయం చాలావరకు ఇంజన్ నమూనా గీసిన చోటే జరిగిపోయింది. సిలిండరు గోడలో కోయడానికి ఎంత ఇనుము మిగిల్చారన్నదాన్ని బట్టే ఆ ఇంజన్‌కు ఎన్ని జన్మలున్నాయో తేలింది.

సిలిండరు గోడ అంతటా ఒకేలా అరగదు. పై రింగు పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగే చోట వేడి ఎక్కువ, నూనె తక్కువ. అరుగుదల అక్కడే మొదలవుతుంది. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా నెట్టడం వల్ల పిస్టను ఒక పక్కకు ఒరుసుకుంటుంది కాబట్టి గుండ్రటి బోరు మెల్లగా కోలగా మారుతుంది. రింగు చేరని పై అంచు మాత్రం కొత్తదానిలాగే ఉండిపోతుంది. హెడ్ విప్పిన మెకానిక్ ముందుగా వేలిగోరును ఆ అంచు నుంచి కిందికి జార్చి చూస్తాడు. గోరుకు మెట్టు తగిలిందంటే కొలతపరికరం తీయకముందే సగం తీర్పు అయిపోయినట్టే.

బండి నడిపేవాడికి ఈ సంగతి ఇంకా ముందే తెలుస్తుంది. కిక్ కొడితే కాలికి తగిలే ఎదురు తగ్గుతుంది, పికప్ పడిపోతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది. ఫోర్ స్ట్రోక్ బండి పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రమే పొగ వదిలి ఆగిపోతే లోపం వాల్వు సీళ్లలో ఉండే అవకాశం ఎక్కువ. యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ పొగ వస్తుంటే రింగులో, బోరో పోయినట్టు. ఈ తేడా తెలియని చేతిలో పడితే అక్కర్లేని బోరింగ్ జరిగిపోతుంది. ఒకసారి కోసిన ఇనుము తిరిగి రాదు.

చిత్తూరు నేల ఇంజన్‌లకు సుఖమైన చోటు కాదు. ఎర్రమట్టి దుమ్ము, పొడి గాలి, నెలల తరబడి ఎండ, వీటికి తోడు కొండదారులు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లాలంటే మొగిలి ఘాటు, తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లాలంటే భాకరాపేట ఘాటు ఎక్కాలి. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాయి. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని సెకండ్ గేరులో మైళ్ల కొద్దీ ఎక్కే బండికి ఇంజన్ తిరుగుడు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. టూ స్ట్రోక్ బండ్ల కాలంలో ఘాటు మధ్యలో పిస్టను పట్టేయడం మామూలు సంగతి. పెట్రోలులో ఆయిల్ కాస్త తగ్గినా చాలు. దుమ్ము చేసే నష్టం ఇంకో రకం. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, దాని రబ్బరు వదులైనా సన్నటి ఇసుక నేరుగా బోరులోకి పోయి, ఏళ్లకు జరగాల్సిన అరుగుదల నెలల్లో జరిగిపోతుంది.

బోరింగ్ పని ఈ ప్రాంతానికి మోటార్‌సైకిల్‌తో వచ్చింది కాదు. ఇక్కడి సేద్యం బావుల మీద ఆధారపడింది. కరెంటు పల్లెలకు చేరకముందు కపిల తోలే బావుల దగ్గరికి ఆయిల్ ఇంజన్‌లు వచ్చాయి. చెరకు ఆడే గానుగలకూ అవే బలం. చిత్తూరు బెల్లం పేరు దూరాలకు పోయిన రోజుల్లో, గానుగ ఆడే కాలంలో ఇంజన్ ఆగితే కొట్టిన చెరకు ఎండిపోయేది. కాబట్టి ఇంజన్ బాగుచేసే లేత్ షాపు ఊరికి దగ్గర్లోనే ఉండాల్సి వచ్చింది. ఆయిల్ ఇంజన్‌లలో చాలావాటికి లైనరు, అంటే సిలిండరు లోపలి గొట్టం, వేరే ముక్కగా ఉంటుంది. అరిగిన లైనరు ఊడగొట్టి కొత్తది దిగ్గొట్టడం, షాఫ్టు తిప్పడం, బుష్షులు చేయడం టర్నర్లకు అక్కడే అలవడ్డాయి. తర్వాతి కాలంలో మోటార్‌సైకిల్ సిలిండర్లు వాళ్ల బల్లల మీదికే చేరాయి. చిత్తూరు బైక్ మెకానిక్ నైపుణ్యానికి మూలం బావిగట్టున ఉందనడంలో అతిశయోక్తి లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. మోటారు వ్యాపారంలో ఆ బంధం ఆ తర్వాతా తెగలేదు. చిత్తూరు నుంచి మద్రాసు, బెంగళూరు రెండూ ఇంచుమించు ఒకే దూరం. పాత నాలుగో నంబరు జాతీయ రహదారి ఆ రెండు నగరాలను కలుపుతూ చిత్తూరు, పలమనేరుల మీదుగానే పోయేది. వేలూరు గంట ప్రయాణం. హైదరాబాద్ నుంచి సరుకు రావడానికి పట్టే కాలంలో ఇక్కడివాళ్లు మద్రాసు పోయి పిస్టను కొనుక్కుని తిరిగి వచ్చేవాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బీఎస్ఏ, నార్టన్, మ్యాచ్‌లెస్ వంటి ఇంగ్లండు బండ్లు దేశమంతా చేతులు మారాయి. వాటికి విడిభాగాలు దొరికేవి కావు. దొరికిన పిస్టనును లేత్ మీద తిప్పి సరిచేయడం, ఇంకో బండి వాల్వు తెచ్చి ఇమడ్చడం ఆ తరం మెకానిక్‌లకు తప్పనిసరి. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులు బిగిసి, దేశంలోనే తయారీ మొదలైంది. పిస్టన్లు చేయడానికి మద్రాసు సెంబియంలో ఇండియా పిస్టన్స్ 1949లో ఏర్పడింది. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. దాని కర్మాగారం తిరువొత్తియూరులో. 1960ల మొదట్లో మైసూరు ఐడియల్ జావా నుంచి జావా, ఎస్కార్ట్స్ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. జావానే తర్వాత యెజ్డీ అయింది. బుల్లెట్ పుట్టిల్లు ఒక పక్క, జావా పుట్టిల్లు ఇంకో పక్క ఉండటంతో ఆ రెండు బండ్ల విడిభాగాలకు చిత్తూరులో కరువు రాలేదు.

కరువంతా కొత్త బండ్లకే. పరిశ్రమల లైసెన్సుల కాలంలో ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వం చెప్పేది. డబ్బు కట్టి పేరు రాయించుకున్నవాడు బజాజ్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాడు. చేతికొచ్చిన బండిని వెంటనే అమ్మినా కొన్న ధరకంటే ఎక్కువే పలికేది. అలాంటి రోజుల్లో ఇంజన్ అరిగిందని బండి పారేసే ఆలోచన ఎవరికీ రాదు. బోరింగ్, పిస్టను, రింగులు, గ్యాస్కెట్లు, కూలి అన్నీ కలిపినా కొత్త బండి ధరలో చిన్న భాగం. తాలూకా ఆఫీసు ఉద్యోగి, పంచాయతీ ప్రెసిడెంటు, పాలసేకరణ చేసేవాడు ఎవరైనా సరే, ఒకే బండిని రెండుమూడు ఇంజన్ పనుల మీదుగా పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు నడిపారు.

ఆ కాలానికి తగిన ఇంజన్ బుల్లెట్‌ది. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. సిలిండరు మొత్తం పోత ఇనుము, గోడ మందం. కంప్రెషన్ తక్కువ, తిరుగుడు నెమ్మది. అరిగితే కోయడానికి కావలసినంత ఇనుము ఉంది. ఓవర్‌సైజు పిస్టన్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన వచ్చేవి. ఇరవై థౌ అంటే అర మిల్లీమీటరు, నలభై థౌ అంటే ఒక మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు పెద్దదైన బోరుతో ఇంజన్ సామర్థ్యం 356 సీసీకి చేరుతుంది. నడిపేవాడికి ఆ తేడా ఏమీ తెలియదు.

బోరింగ్ పనిలో వరస తప్పకూడదు. మంచి షాపులో ముందు పిస్టను తెప్పిస్తారు, ఆ తర్వాతే సిలిండరు కోస్తారు. డబ్బా మీద రాసిన సైజును నమ్మరు. మైక్రోమీటరుతో పిస్టను స్కర్టు కొలిచి, దానికి వదలాల్సిన సందు కలిపి, ఆ కొలతకే బోరు తీస్తారు. సిలిండరును పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కోచోట ముందువెనకలుగా, అడ్డంగా కొలుస్తారు. అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటును బట్టి ఎన్నో సైజుకు పోవాలో తేలుతుంది. బల్ల మీద సిలిండరును అడుగు అంచు ఆధారంగా నిలబెట్టి బిగిస్తారు, ఎందుకంటే క్రాంక్‌కేసు మీద కూర్చునేది ఆ అంచే. అది వంకరగా కూర్చుంటే బోరు ఎంత నున్నగా వచ్చినా పిస్టను ఒక పక్కకు రాసుకుంటూ పోతుంది. బోరింగ్ బార్ దిగుతుంటే బూడిదరంగు పొడి రాలుతుంది. పోత ఇనుము చుట్టలుగా రాదు, పొడిగానే రాలుతుంది. చివరి ఒకటి రెండు థౌలు బార్‌తో తీయకుండా హోనింగ్ రాళ్లకు వదిలిపెడతారు. రాళ్లు తిరుగుతూ పైకీ కిందికీ ఆడటం వల్ల గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే వాలుగీతలు పడతాయి. కొత్త రింగులు గోడకు సర్దుకునేదాకా నూనెను నిలిపేవి ఆ గీతలే. అద్దంలా మెరిసే బోరును చూసి యజమాని మురిసిపోతాడు గానీ, పని తెలిసినవాడు దాన్ని వెనక్కి పంపిస్తాడు.

ఆఖరి సైజు కూడా అయిపోతే స్లీవ్ వేస్తారు. బోరును బాగా పెద్దది చేసి, కొత్త ఇనుప గొట్టాన్ని అందులో బిగుతుగా దిగ్గొట్టి, దాన్ని మళ్లీ మొదటి సైజుకు కోస్తారు. దాంతో స్టాండర్డ్ పిస్టను తిరిగి పడుతుంది. ఆయిల్ ఇంజన్ లైనరు మార్చిన చేతులకు ఇది తెలిసిన విద్యే. గొట్టం వదులైతే వేడి బయటికి పోదు, మరీ బిగుతైతే సిలిండరు చిట్లుతుంది. ఈ రెండింటి నడుమ సందు పట్టుకోగలిగినవాడికే పల్లెల నుంచి సిలిండర్లు మూటగట్టుకుని వచ్చేవాళ్లు.

మెకానిక్‌ల మాటల్లో పని రెండు రకాలు. సిలిండరు, పిస్టను, వాల్వులతో ముగిసేది హాఫ్ ఇంజన్. క్రాంక్ కూడా విప్పేది ఫుల్ ఇంజన్. సిలిండరు ఒక్కటే కోయించి, ఆడుతున్న కనెక్టింగ్ రాడ్డును అలాగే వదిలేసిన ఇంజన్‌లు కొద్ది నెలలకే మళ్లీ బల్ల ఎక్కేవి. కొత్త పిస్టను పెంచిన ఒత్తిడిని పాత బిగ్ ఎండ్, అంటే రాడ్డు క్రాంక్‌కు తగిలే కొస, మోయలేకపోవడమే కారణం. ఖర్చు తగ్గించుకోవాలని యజమాని పట్టుబట్టే చోటు ఇదే, పేరున్న మెకానిక్ ఒప్పుకోని చోటూ ఇదే. బుల్లెట్ క్రాంక్ విప్పితే రెండు ఫ్లైవీళ్లను విడదీసి, క్రాంక్‌పిన్ను, బుష్షు, రాడ్డు మార్చి, మళ్లీ కలిపి, డయల్ గేజి పెట్టి తిప్పుతూ రాగి సుత్తితో సరిచేయాలి. ముల్లు కదలడం దాదాపుగా ఆగేదాకా ఆ పని సాగుతుంది. ఒక పూట పట్టినా పడుతుంది.

టూ స్ట్రోక్ బండ్లలో వాల్వులు లేవు కాబట్టి పని సులువని అనుకుంటారు. జావా, రాజ్‌దూత్, ల్యాంబ్రెట్టా, వెస్పా రకం స్కూటర్లు, 1972లో వచ్చిన లూనా, అన్నిటిలోనూ సిలిండరు గోడకే కిటికీల్లా పోర్టులుంటాయి. బోరింగ్ అయ్యాక వాటి అంచులు కత్తిలా పదునెక్కుతాయి. ఆ పదును రాళ్లతో, ఎమరీ కాగితంతో కొట్టెయ్యకపోతే రింగు అంచుకు తగిలి విరుగుతుంది. రింగు కొసలు పోర్టు మీదికి రాకుండా పిస్టను గాడిలో చిన్న మేకు ఉంటుంది. పిస్టను మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే ఆ మేకులు, రింగు కొసలు పోర్టు ముందుకొచ్చి మొదటి కిక్కులకే రింగు పోవచ్చు. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు మొదట నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి.

ఆ కుర్రాళ్లు ఎక్కువగా చదువు ఆగిపోయి వచ్చినవాళ్లే. పానాలు అందించడం, కిరసనాయిలులో భాగాలు కడగడం, హెడ్ మీది కార్బన్ గీకడం మొదటి ఏడాది పని. ఓనరును అన్నా అనో, భాయ్ అనో పిలుస్తూ, ఇంజన్ చప్పుడు విని లోపం పసిగట్టేదాకా ఎదగడానికి ఏళ్లు పట్టేది. రాయలసీమ పట్టణాల్లో ఈ వృత్తిని నిలబెట్టినవాళ్లలో ముస్లిం కుటుంబాల పాత్ర పెద్దది. ఒక షెడ్డులో నేర్చుకున్నవాడు పీలేరులోనో పుంగనూరులోనో సొంత షెడ్డు పెట్టుకునేవాడు. బోరింగ్ కోసం మాత్రం సిలిండరును మళ్లీ చిత్తూరుకో తిరుపతికో పంపేవాడు. బోరింగ్ యంత్రం అందరికీ అందే వస్తువు కాకపోవడంతో షెడ్డు వేరు, బోరింగ్ షాపు వేరుగానే ఉండిపోయాయి.

మొత్తం ఇంజన్ మార్చే దారి అప్పట్లో లేకపోలేదు. మద్రాసు పుదుపేటలో పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాల వరసలో ఇంజన్‌లు తూకానికీ, విడిగానూ దొరికేవి. బెంగళూరులోనూ అలాంటి గుజరీ బజార్లున్నాయి. కానీ ఇంజన్ మార్పుకు అడ్డు డబ్బు కాదు, నంబరు. ఇంజన్ నంబరు పొడిచి ఉండేది క్రాంక్‌కేసు మీద. రిజిస్ట్రేషన్ పత్రంలో ఛాసిస్ నంబరు పక్కన అదీ ఉంటుంది. సిలిండరు, హెడ్, పిస్టను ఎన్నిసార్లు మార్చినా కాగితాల ప్రకారం ఇంజన్ అదే. క్రాంక్‌కేసు మారితే మాత్రం చట్టం దృష్టిలో అది వాహనంలో మార్పు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను రిజిస్టరింగ్ అధికారి అనుమతికి లోబరిచింది. పుదుపేటలో కొన్న ఇంజన్‌కు సరైన బిల్లు లేకపోతే చెక్‌పోస్టులో ఆ బండి దొంగబండిగా నిలబడే ప్రమాదం ఉంది. అందుకే పుదుపేట ఇంజన్ తెచ్చుకున్నవాళ్లు కూడా చాలాసార్లు దాని లోపలి సరంజామా మాత్రం తీసుకుని, తమ పాత క్రాంక్‌కేసులోనే బిగించుకున్నారు. చిత్తూరులో మరమ్మతు ఇన్నాళ్లు నిలవడానికి ఆ పొడిచిన నంబరు చేసిన మేలు తక్కువేమీ కాదు. అమెరికాలో ఫోర్డు, జర్మనీలో ఫోక్స్‌వాగన్ అరిగిన ఇంజన్ తీసుకుని కర్మాగారంలో బాగుచేసిన ఇంజన్‌ను బదులిచ్చే పద్ధతిని కార్లకు నడిపాయి. మన ద్విచక్ర వాహనాలకు అది పాకలేదు. కర్మాగారం చేయాల్సిన ఆ పని ఇక్కడ వీధి షెడ్డుదే అయింది.

పూర్తి మార్పిడికి పేరుపడ్డ ఒక్క ఉదాహరణ బుల్లెట్ ఫ్రేములో డీజిల్ ఇంజన్. ఎన్‌ఫీల్డ్ కంపెనీయే 1980ల నుంచి 2000 దాకా టారస్ పేరుతో 325 సీసీ డీజిల్ బుల్లెట్ అమ్మింది. అందులో బిగించినది గ్రీవ్స్ లాంబార్డిని ఇంజన్. పాత పెట్రోలు బుల్లెట్లకు అదే ఇంజన్ వేయించుకున్నవాళ్లు ఉత్తరాదిలో ఎక్కువ.

1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. కుప్పం దాటితే తమిళనాడే, హోసూరు ఎంతో దూరం లేదు. పాలక్యాన్లు, గడ్డిమోపులు, మామిడికాయల బుట్టలు, టమాటా పెట్టెలు మోసే పనికి అది కుదురుకుంది. ఆ తర్వాత ప్రభుత్వం 100 సీసీ దాకా విదేశీ భాగస్వామ్యానికి తలుపు తెరవడంతో 1984లో ఇండ్ సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర్లో యమహా ఆర్ఎక్స్ 100, ఆ వెంటనే కవాసాకి బజాజ్ వచ్చాయి. ఓవర్‌సైజు లెక్క థౌల నుంచి మిల్లీమీటర్లకు మారింది. పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సైజులు, ఆఖరికి ఒక మిల్లీమీటరు. ఆర్ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50 మిల్లీమీటర్లే. 98 సీసీలో 11 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజన్‌ను కుర్రాళ్లు ఆగకుండా పరిగెత్తించారు, కాబట్టి అది బోరింగ్ షాపులకు ఆగకుండా పని తెచ్చింది.

సీడీ 100 తెచ్చిన మార్పు అంతకంటే లోతైనది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి పెట్రోలుతో పాటు ఆయిల్ కాల్చదు. ఆయిల్ వేళకు మారిస్తే చాలా కిలోమీటర్లు హెడ్ విప్పే పనిలేదు. 1994లో స్ప్లెండర్ వచ్చేసరికి పల్లెల్లోనూ ఈ రకమే గెలిచింది. వాటికి సిలిండరు, పిస్టను, రింగులు, పిన్ను, గ్యాస్కెట్లు ఒకే డబ్బాలో కిట్‌గా రావడం మొదలైంది. చిన్న సిలిండరు, లక్షల్లో తయారీ, అందుకే ధర అందుబాటులోకి వచ్చింది. పిస్టన్ల తయారీ కూడా పెరిగింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే సామ్‌క్రగ్ కంపెనీ శ్రీకాకుళం జిల్లాలోనూ పిస్టన్లు పోస్తోంది. సిలిండరును ఊరు దాటించి, బోరింగ్ షాపులో వరస కోసం ఆగి, రెండు రోజులకు వెనక్కి తెచ్చుకోవడంతో పోలిస్తే పొద్దున విప్పి సాయంత్రానికి కిట్ బిగించడం మెకానిక్‌కూ లాభమే, యజమానికీ లాభమే. ఒక రోజు బండి ఆగితే పాలు పోయించుకోలేని మనిషికి ఆ రెండు రోజుల లెక్కే పెద్దది. ఇక్కడ తప్పు పట్టాల్సింది కిట్‌ను కాదు, కిట్ పేరుతో వచ్చిన నకిలీ సరుకును. మెత్తటి ఇనుముతో పోసిన డూప్లికేట్ సిలిండరు కంటే, బాగా గట్టిపడ్డ అసలు సిలిండరును ఒక సైజు కోయించుకోవడం ఎన్నో రెట్లు మేలు. ఈ సంగతి పాత మెకానిక్‌లు చెబుతూనే వచ్చారు.

అంతదాకా బోరింగా, కిట్టా అన్నది యజమాని ఇష్టం. 2008 తర్వాత కొన్ని ఇంజన్‌లలో ఆ ఇష్టానికి చోటు లేకుండా పోయింది. ఆ ఏడాది దేశంలోకి వచ్చిన యమహా ఆర్15 సిలిండరు అల్యూమినియం, సిలికాన్ కలిపి పోసింది. అందులో ఇనుప లైనరే లేదు. 2012లో వచ్చిన కేటీఎం డ్యూక్ 200 బోరుకు నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. ఈ గోడలు చాలా గట్టివి, తేలిక, వేడిని త్వరగా వదులుతాయి, ఇనుముకంటే చాలా నెమ్మదిగా అరుగుతాయి. కానీ కోసి సైజు పెంచే పద్ధతి వాటికి పనికిరాదు. పూత కోస్తే కింద మెత్తటి అల్యూమినియం తేలుతుంది. కంపెనీలు వాటికి ఓవర్‌సైజు పిస్టన్లు ఇవ్వవు. ఈ బండి బోర్‌కి వస్తే కొత్త సిలిండరు కొనాలి, లేదా తెలిసిన చేత ఇనుప స్లీవ్ వేయించి, పూత వల్ల వచ్చిన గుణాన్ని కొంత వదులుకోవాలి. బుల్లెట్ కూడా మారింది. 2009 నుంచి క్రాంక్‌కేసు, గేరుబాక్సు కలిసిన కొత్త ఇంజన్ రావడంతో పోత ఇనుము ఇంజన్ తయారీ ఆగిపోయింది.

2020 ఏప్రిల్ 1న అమలైన బీఎస్ 6 నిబంధనలతో ఫ్యూయల్ ఇంజక్షన్, ఆక్సిజన్ సెన్సార్, క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలు బండ్లకూ వచ్చాయి. ఆయిల్ కాల్చే ఇంజన్‌ను ఇప్పుడు పొగతోనే ఇంకో ఏడాది నడపడం కుదరదు, ఆ మసి కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. హోనింగ్ సరిగా లేని పాతకాలపు బోరింగ్ ఈ బండ్లకు చాలదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించి, అందులో మోటారు వాహనాలనూ చేర్చింది. కొలతలు, మాన్యువళ్లు కంపెనీల సర్వీసు సెంటర్లు దాటి వీధి షెడ్డుకు చేరడమే దాని అసలు ప్రయోజనం. అది జరిగినంత మేరకే కొత్త ఇంజన్‌లు చిత్తూరు మెకానిక్ చేతికి లొంగుతాయి.

ఇక బండి వయసు సంగతి. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు పొడిగింపు. 2022 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనానికి ఆ పొడిగింపు రుసుము 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. మామూలు బండిని పదిహేనేళ్లు దాటాక ఫుల్ ఇంజన్ చేయించి నిలుపుకోవడం లెక్కకు కుదరని వ్యవహారం అవుతోంది. అదే సమయంలో సత్యవేడు మండలం మాదన్నపాళెంలో 2018 మార్చిలో శంకుస్థాపన జరిగిన హీరో మోటోకార్ప్ కర్మాగారం పాత చిత్తూరు జిల్లా నేల మీదే కొత్త బండ్లు చేస్తోంది. ఒకప్పుడు బండి కోసం ఏళ్లు వేచి ఉన్న చోట ఇప్పుడు బండి పుడుతోంది.

బోరింగ్ బల్లలకు ఇప్పుడు ప్రధానంగా మూడు రకాల పని వస్తోంది. మొదటిది ఇనుప లైనరు ఉన్న 100 నుంచి 150 సీసీ బండ్లు. అసలు సిలిండరు మంచిదై, క్రాంక్ ఆడకుండా ఉంటే వీటికి మొదటి సైజు, రెండో సైజు బోరింగ్ ఇప్పటికీ కిట్ కంటే మంచి బేరమే. రెండోది టీవీఎస్ మోపెడ్లు, ట్రాక్టరు, జనరేటరు ఇంజన్‌లు. మూడోది యెజ్డీ, పోత ఇనుము బుల్లెట్, 1996లో తయారీ ఆగిన ఆర్ఎక్స్ 100. వీటిని కొత్తగా కొన్న ధరకు ఎన్నో రెట్లు పెట్టి బాగుచేయించుకుంటున్నారు. చివరి సైజు దాటిపోయిన ఆ సిలిండర్లకు స్లీవ్ దిగ్గొట్టి, స్టాండర్డ్ పిస్టను కొలతకు మళ్లీ బోరు తీస్తారు. క్రాంక్‌కేసు పగిలితే వెల్డింగ్ చేసి, వంగిన ముఖాన్ని లేత్ మీద సరిచేసి, నంబరున్న ఆ కేసునే నిలబెడతారు. అది కూడా కుదరకపోతే బిల్లుతో ఇంకో కేసు కొని, ఆర్‌టీవో కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త ఇంజన్ నంబరు రాయించుకోవాలి.